పాట కూడు పెడుతుందా?

ఆదివారం ఆరాధనలో కీబోర్డు వాయించే కుర్రవాణ్ణి చూసి సంఘమంతా సంతోషిస్తుంది. అదే కుర్రవాడు ఇంటరు పూర్తికాగానే "నాన్నా, సంగీతమే నా వృత్తి" అంటే ఇంట్లో దిగులు మొదలవుతుంది. "పాట కూడు పెడుతుందా?" అని తండ్రి అడుగుతాడు. అది అడగవలసిన ప్రశ్నే.

జవాబు కోసం జర్మనీ దేశపు సంగీతకారుడు యోహాన్ సెబాస్టియన్ బాక్ జీవితం చూద్దాం. 1685లో పుట్టిన బాక్ పదేళ్ళు నిండకముందే తలిదండ్రులను పోగొట్టుకొని, అన్నగారి ఇంట పెరిగాడు. 18వ ఏట ఒక చర్చిలో ఆర్గన్ వాయించే ఉద్యోగం సంపాదించాడు. 1723 నుండి 1750లో చనిపోయే వరకు లీప్జిగ్ పట్టణపు చర్చిలలో సంగీతం నడిపించాడు.

అంతటివాడు కూడా ఒక్క జీతం మీద బ్రతకలేదు. పెళ్ళిళ్ళకు, భూస్థాపనలకు రుసుము వచ్చేది. కొత్త ఆర్గన్‌లను పరీక్షించినందుకు వేరే పైకం ముట్టేది. శిష్యులకు నేర్పేవాడు. తన రచనలు కొన్ని అచ్చువేయించి అమ్మాడు. ఏడాదికి సుమారు 700 థాలర్ల రాబడి ఉన్నదనీ, ఊళ్ళో చావులు తగ్గినందున ముందటి ఏడు 100 థాలర్లకు పైగా తగ్గిపోయిందనీ 1730లో స్నేహితునికి ఉత్తరం వ్రాశాడు. థాలరు అంటే ఆనాటి వెండి నాణెం. వానలను బట్టి రైతు రాబడి మారినట్లే సంగీతకారుని రాబడీ మారుతుంది. ఒకే పంటను నమ్ముకోరాదు.

మన పిల్లలు ఏం చేయాలి?

మొదటిది శిక్షణ. విని వాయించడం మంచి వరమే గాని, స్వరలిపి చదవడం వస్తేనే ఇతరులకు పద్ధతిగా నేర్పగలరు. లండన్ ట్రినిటీ కళాశాల సంగీత పరీక్షలు మన దేశంలోనూ జరుగుతాయి. ప్రారంభ పరీక్ష తరువాత 8 గ్రేడులు ఉంటాయి. శాస్త్రీయ సంగీతం కోరేవారికి 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాల ఉంది.

రెండవది లెక్క. పాఠాలు చెబితే నెలనెలా కొంత వస్తుంది. పెళ్ళిళ్ళు, రికార్డింగులు కొన్ని నెలలకే పరిమితం. పని ఒప్పుకొనేముందే రుసుము, ప్రయాణ ఖర్చు మాట్లాడి కాగితం మీద పెట్టుకోవాలి.

మూడవది హక్కు. మన కాపీరైట్ చట్టం ప్రకారం పాట వ్రాసినవారికి, స్వరపరచినవారికి జీవితకాలమూ, ఆపైన 60 ఏళ్ళూ హక్కు ఉంటుంది. చదవకుండా ఏ ఒప్పందం మీదా సంతకం చేయరాదు.

నాలుగవది పొదుపు. బాక్ భార్య అన్నా మగ్దలేనా మంచి గాయని. భర్త పోయాక చివరకు దానధర్మాల మీద ఆధారపడి 1760లో కన్నుమూసింది. పింఛను లేని వృత్తిలో బీమా, పొదుపు మొదటి సంపాదన నుండే మొదలుకావాలి.

సంఘానికి ఒక మాట

దావీదు కాలంలో పాటలో నేర్పరులైనవారు 288 మంది అని దినవృత్తాంతములు మొదటి గ్రంథం 25వ అధ్యాయం చెబుతుంది. నెహెమ్యా కాలానికి లేవీయులకు, గాయకులకు రావలసిన భాగాలు అందక వారు ఆలయపు పని విడిచి తమ పొలాలకు వెళ్ళిపోయారు (నెహెమ్యా 13:10). నెహెమ్యా వారిని తప్పుపట్టలేదు. అధికారులతో వాదించి, గాయకులను తిరిగి వారి స్థలాలలో నిలబెట్టాడు. క్రిస్మస్ రాత్రి తెల్లవార్లూ వాయించిన యౌవనస్థుణ్ణి శాలువా కప్పి ఉత్త చేతులతో పంపివేస్తున్నామా? పరిచర్య పేరుతో అతని బస్సు చార్జీ కూడా మరచిపోతున్నామా? సంఘ పెద్దలు ఆలోచించాలి.

తలిదండ్రులారా, బిడ్డ కోరికను వెంటనే కొట్టివేయకండి, వెంటనే ఒప్పుకోకండి కూడా. డిగ్రీ చదువు మాననివ్వక, ఏడాదిపాటు అతని సాధనను గమనించండి. ఎవరూ చెప్పకుండానే రోజూ వేళకు కూర్చొని సాధన చేస్తున్నాడా? ఇద్దరు ముగ్గురు పిల్లలకు ఓపికగా నేర్పగలుగుతున్నాడా? వచ్చిన పైసకు లెక్క వ్రాస్తున్నాడా? అలా చేస్తున్న బిడ్డకు ధైర్యంగా తోడు నిలవండి.