మెట్టసీమలో తెరచాప ఓడ

అనంతపురము సముద్రమునకు ఎంత దూరమో ప్రత్యేకముగ చెప్పనక్కరలేదు. రోడ్డు మార్గమున 300 కిలోమీటర్లకు పైగా పోయినగాని అలల చప్పుడు వినరాదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదియును కురిసిన యేడు. పెన్న, చిత్రావతులలో సంవత్సరములో అధికభాగము ఇసుకయే కాని నీరు కనిపింపదు. ఇట్టి సీమలో మా యింటి పడసాలలో, అద్దాల పెట్టెలో, రెండు తెరచాప కొయ్యలు గల చిన్న ఓడ యొకటి యున్నది. ఇంటికి వచ్చినవారు మొదట నవ్వుదురు. "చెరువులోనే నీళ్లు ల్యావు, ఈ ఓడ యాడికి పోతాది సామీ?" అని యడుగుదురు. పిమ్మట దగ్గరకు వచ్చి వంగి చూతురు. వంగినవారు త్వరగా లేవరు.

ఈ ఓడను మొదలుపెట్టినది మేము కాదు. మా మామగారిది తూర్పున కోరంగి ప్రాంతము. పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలో ఓడలు కట్టుటకు పేరుపొందిన రేవది. బర్మాలో తెలుగువారిని ఆ రేవు పేరిటనే కోరంగీలని పిలిచెడివారు. 1839 నవంబరు 25 నాటి తుపానులో లేచిన ఉప్పెన ఆ రేవును తుడిచిపెట్టినది; మరల అది పూర్వస్థితికి రాలేదు. మామగారు వృత్తిచేత వడ్రంగి కారు. కాని చిన్ననాడు పడవలు కట్టువారి నడుమ తిరిగినవారు. ఉద్యోగము చాలించిన తరువాత, శాతవాహన రాజైన యజ్ఞశ్రీ శాతకర్ణి సీసపు నాణెములపై కనిపించు రెండు కొయ్యల ఓడను చేయబూనిరి. పలకలు బిగించి, కొయ్యలు నిలిపిరి. మోకులు, తెరచాపలు, మెరుగు మిగిలియుండగా కాలము చేసిరి. ఆ శేషమును పూర్తిచేయు పని మా పాలబడినది.

మేము చేసిన మొదటి తప్పు తొందర. తూర్పు తీరమునుండి వర్షాకాలములో ఓడను తెచ్చితిమి. ఆ నెలలోనే వార్నిషు పూసి, మోకులు బిగించి, గూటిలో నిలిపితిమి. మార్చి రెండవ వారములో ఒకనాటి రాత్రి ఎండుపుల్ల విరిచినట్లు చప్పుడైనది. ఉదయమున చూడగా పై తట్టు పలక నడుమ ముందునుండి వెనుకకు చీలియుండెను. దానిని చేసిన చేయి ఇక లేదు గదా యని ఇంటిలో ఆ దినమంతయు ఎవ్వరమును సరిగా మాటాడలేదు.

పలక ఎందుకు చీలినది? కొయ్య ఎండినను గాలిలోని తేమను పీల్చుచు, విడుచుచునే యుండును. తీరప్రాంతపు తేమగాలిలో నూరు వంతుల పొడి కొయ్యయందు సుమారు 16 వంతుల నీరుండవచ్చును. మా వేసవి గాలిలో అది 6 వంతుల దరికి దిగును. నీరు పోయినకొలది కొయ్య కుంచించుకొనును; అయితే అన్ని దిక్కుల సమానముగ కాదు. పొడవున మార్పు నామమాత్రము, అడ్డముగ ఎక్కువ. మ్రాను చుట్టు వలయములు పోవు దిక్కున కలుగు కుదింపు, నడిమినుండి బెరడువైపు దిక్కున కలుగుదానికి టేకులో ఇంచుమించు రెట్టింపు. పది సెంటీమీటర్ల వెడల్పు గల పలక ఇంత తేమను కోల్పోయిన ఒక మిల్లీమీటరుకు మించి తగ్గగలదు. మా ఓడ పై తట్టు ఒకే పలక. రెండంచులను బంకతోను, మేకులతోను బిగించియుండిరి. కుదించుకొన దారిలేక, నడుమ పగిలినది. సముద్రపు గాలిలో అది నూరేండ్లు నిలిచియుండెడిదేమో.

బాగుచేయుటకు ముందు ఏమియు చేయకుండుటయే మంచిదని ఒక వడ్రంగిమేస్త్రి చెప్పెను. ఓడను గదిలో, ఎండ తగులని మూల, సంవత్సరము పాటు ఊరక ఉంచితిమి. నాలుగు ఋతువులు చూచిన కొయ్య ఎంత మూసికొనునో, ఎంత తెరచుకొనునో తెలిసినది. వేసవిలో చీలిక వెడల్పుగ నున్నప్పుడు గట్టి పదార్థముతో నిండ కూరినచో, వానలలో కొయ్య ఉబ్బి దానిని నెట్టి, మరియొకచోట పగులును. కావున చీలిక నడితరముగ నున్న దినములలో, అదే జాతి టేకునుండి సన్నని పేడు చెక్కి, ఒక అంచునకు మాత్రమే బంక పూసి దించితిమి. సన్న సందులకు చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కు చాలును. కొండపల్లి బొమ్మల అతుకులకు వాడునదియు నదియే. పై తట్టు మేకులను ఒక వైపున తీసివేసితిమి. ఇపుడది కదలుటకు వెంట్రుకవాసి చోటున్నది.

మెరుగు విషయము. వార్నిషు తళతళలు చిన్న ఓడకు నప్పవు. నూరవ వంతు కొలతలో చేసిన ఓడపై మెరుపు కూడ నూరవ వంతే యుండవలెను గదా! స్పిరిటులో కరగించిన లక్క పలుచగా మూడు పూతలు వేసి, ఒక్కొక్క పూత ఆరిన పిదప మిక్కిలి సన్నని ఉప్పు కాగితముతో నెమ్మదిగ రుద్దితిమి. లక్కలో ఒక సుగుణము కలదు: తరువాతివారికి నచ్చనిచో మరల స్పిరిటుతో తుడిచివేయవచ్చును. మరచిపోరాని సంగతి యేమనగా, పూత లోపలివైపునకు సైతము పడవలెను. బయట మాత్రము పూసినచో తేమ లోపలినుండి రాకపోకలు సాగించి పలక వంకరపోవును. మేము కుంచె చేరనిచోట గుడ్డపీలికను పుల్లకు చుట్టి పూసితిమి. ఆ పనికి రెండు ఆదివారములు పట్టినది.

తెరచాపలకు సన్నని నేత గుడ్డ తీసికొని, ముందు గంజి పోవునట్లు ఉతికితిమి. గంజి పురుగులకు విందు. పాతదనము రావలెనని టీ డికాషనులో ముంచు అలవాటు కొందరికి కలదు. అందలి ఆమ్లగుణము నూలును కాలక్రమమున బలహీనపరచును. మేము మానితిమి. మిత్రులొకరు ధర్మవరము దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలకు వాడు మేకతోలు వేయుమనిరి. ఆ యూరి కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. వారి బొమ్మలు వెనుకనుండి దీపము పెట్టినప్పుడు జీవించును. ఓడకు ప్రక్కవెలుగు కావలెను. మోకుల నీడ తెరచాపపై పడినప్పుడే దాని అందము. కాబట్టి గుడ్డయే మేలనుకొంటిమి.

మోకులను గురించి చెప్పవలసినది కొయ్యకు విపరీతము. పేనిన నూలు త్రాడు తేమకు ఉబ్బి పొట్టిదై బిగియును, పొడిగాలికి సడలును. వేసవిలో సడలినదని బిగించి కట్టినచో వానకాలములో అది కొయ్యను వంచును. తేనెమైనము రుద్దిన త్రాడు కొంత నిదానముగ మారును. అంతకుమించి చేయదగినది, కొంచెము సడలింపును సహించుటయే.

అద్దాల పెట్టె ధూళికి తప్పనిసరి. జూన్ నుండి ఆగస్టు వరకు రామగిరి కొండలపై గాలిమరలను త్రిప్పు గాలియే మా కిటికీలలోనికి ఎర్రమన్ను తెచ్చును. కాని మేము మొదట చేయించిన పెట్టె క్రొత్త ప్లైవుడ్డుది, గాలి చొరనిది. మామగారు వల గుండ్ల సీసము కరగించి పోసిన రెండు లంగరులు అందులో ఏడాదికే తెల్లని పొడి రాల్చినవి. కొయ్యనుండి, బంకనుండి వెలువడు ఆమ్లపు ఆవిరి సీసమును తినివేయును. మ్యూజియములలో శాతవాహనుల సీసపు నాణెములను అట్టి కొయ్య సొరుగులలో దాచరాదనుటకు కారణమిదియే. ఆ పొడి విషము, పిల్లలను తాకనీయరాదు. ఇపుడు ఓడకు ఇత్తడి లంగరులున్నవి. సీసపువి రెండును మూతగల గాజుసీసాలో వేరుగ భద్రపరచితిమి. పెట్టె వెనుక చిన్న రంధ్రములు వేసి, సన్నగుడ్డ అంటించితిమి.

పూర్వము వాల్వు రేడియో పైన ఇట్టి వస్తువులను అలంకారముగ పెట్టెడివారు. ఆ వెచ్చదనము కొయ్యకు పనికిరాదు; టెలివిజను దాపున, పడమటి కిటికీ ఎదుట కూడ తగదు. పెట్టెలో దీపము పెట్టరాదు, బయటనుండి చల్లని ఎల్.ఇ.డి. వెలుగు చాలును. ఓడ నీటిగీత కూర్చున్నవారి కంటికి సరిగా నుండవలెను. అంతకు క్రిందనైన బొమ్మవలె కనిపించును.

పీఠముపై చీటీ వ్రాయుటకు మిగిలిన పనులన్నిటికంటె ఎక్కువ ఆలోచించితిమి. నాణెముపై ఓడ వేలిగోరంత. కొయ్యలు రెండని తెలియును. పై తట్టు ఎట్లుండెనో, పలకలెట్లు కూర్చిరో అది చెప్పదు. ఆ భాగమంతయు మామగారు తమ ఊరి పడవలను చూచి కల్పించినది. కాబట్టి చీటీలో ఇట్లు వ్రాసితిమి: కొయ్యలు నాణెమును బట్టి, పలకల కూర్పు కోరంగి పడవలను బట్టి, తెరచాపలు, మోకులు, నడిమి అతుకు మావి.

ఈ యేడు ఏప్రిలులో మోకులు మరల సడలినవి. ముందటి తెరచాప కొంచెము వ్రేలాడుచున్నది. ఎవ్వరమును తాకలేదు, అక్టోబరులో అదియే బిగియును.