పెన్నా పైకెలా పారింది?

గోడకు వేలాడే పటంలో ఉత్తరం పైనుంటుంది, దక్షిణం కింద. గోదావరి, కృష్ణ పాఠాలు అయ్యేదాకా ఇబ్బంది రాదు. చిక్కంతా పెన్నాతోనే. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి, హిందూపురం వైపు నుంచి మన సీమలోకి వచ్చి, చాలాదూరం ఉత్తరానికే పారుతుందది. ఆ తర్వాతే తూర్పుకు మళ్లి, గండికోట లోయ దాటి, నెల్లూరు మీదుగా సముద్రంలో కలుస్తుంది. ‘‘నీళ్లు పల్లానికి కదా పోయేది, ఇది పైకెలా ఎక్కింది టీచర్?’’ అని నాలుగో తరగతి పిల్ల అడిగితే నవ్వకూడదు. ఉత్తరమంటే ఎత్తు అని ఆ పిల్లకు నేర్పింది మన గోడే.

పటాన్ని దించి నేలమీద పరవండి. బడికి ఉత్తరం ఎటో చూసి, పటాన్ని అటు తిప్పండి. పెన్నా ఎక్కడం మానేస్తుంది!

నిజానికి దిక్కులు పిల్లలకు కొత్త కాదు. ‘‘ఉత్తరం వైపు తలపెట్టి పడుకోకురా’’ అని నానమ్మ చేత తిట్లు తిన్నవాళ్లే అందరూ. వాస్తు మీద నాకు నమ్మకం లేదు కానీ, వంటిల్లు ఆగ్నేయం, బావి ఈశాన్యం అని ఇంట్లో రోజూ వినే మాటలుండగా విదిక్కులను బట్టీ పట్టించడం దేనికి?

సూర్యుడు సరిగ్గా తూర్పునే పొడుస్తాడన్న వాక్యాన్ని మాత్రం కాస్త సవరించాలి. అది మార్చి, సెప్టెంబరు నెలల్లో విషువత్తుల నాటి మాట. మిగతా రోజుల్లో కొంత ఉత్తరానికో దక్షిణానికో జరుగుతాడు. ఇది తేల్చడానికి మీటరు కర్ర ఒకటి చాలు. హైదరాబాద్‌లో డిసెంబరు మధ్యాహ్నం దాని నీడ ఉత్తరానికి బారుగా సాగుతుంది. బడులు తెరిచే జూన్‌లో పన్నెండుంబావు వేళ చూస్తే, బెత్తెడు నీడ దక్షిణానికి పడి ఉంటుంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు అక్కడ నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు మరి. పెద్దవాళ్లలోనూ ఇది గమనించినవాళ్లు తక్కువే.

ఇక పటం గీయడం. లెక్కల గళ్ల పుస్తకం తీయించి, తరగతి గదిని అడుగులతో కొలిపించి, అడుగుకో గడి చొప్పున గీయించాలి. పొడుగు కాళ్లవాడికి పద్దెనిమిది అడుగులైన గోడ, పొట్టి పిల్లకు ఇరవై రెండవుతుంది. ‘‘నాదే కరెక్టు’’ అంటూ గొడవ మొదలవుతుంది. టీచరు తొందరపడి సర్దిచెప్పకపోతే, ఆ గొడవే వాళ్లను టేపు దాకా, కొలమానం దాకా తీసుకెళ్తుంది.

జిల్లాల సంగతి వేరు. తెలంగాణలో పది జిల్లాలు 2016లో 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 కాస్తా 26 అయ్యాయి. గోడ మీది పాత పటంలో తమ జిల్లా కనబడని పిల్లలు ఎందరో. దాన్ని పారేయనక్కర్లేదు. వాళ్ల చేతికే స్కెచ్ పెన్ను ఇచ్చి కొత్త సరిహద్దు గీయమనండి. పక్క మండలం లోపలికా, బయటికా అన్న దగ్గర చెయ్యి ఆగితే పాఠం సగం అయినట్టే.