చక్కిలిగింత

చక్కిలిగింత అనగా శరీరంలోని కొన్ని సున్నితమైన భాగాలను మరొకరు తాకినపుడు లేదా నొక్కినపుడు కలిగే పులకరింత, మెలికలు తిరగడం, ఆపుకోలేని నవ్వు. దీనినే కితకితలు, గిలిగింతలు, చక్కిలిగిలి అని కూడా అంటారు. చంకలు, పక్కటెముకలు, మెడ, అరికాళ్ళు దీనికి ఎక్కువగా లోనయ్యే చోట్లు. పసిపిల్లల ఆటగానే చాలామందికి పరిచయమైనా, వయోజనులలో కొందరికి ఇది శృంగార సంబంధమైన ఆకర్షణ కూడా. ఇటువంటి ఆకర్షణను నిస్మోలాగ్నియా అంటారు. ఇందులో తరచుగా ఒకరి చేతులు, కాళ్ళు కట్టివేయడం (బంధనం) కూడా కలిసి ఉంటుంది. ఈ వ్యాసంలో చక్కిలిగింత స్వరూపంతోపాటు పెద్దల మధ్య జరిగే ఈ క్రీడకు సంబంధించిన అంగీకారం, ప్రమాదాలు, చట్టం గురించి వివరించబడినది.

రకములు

1897లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు స్టాన్లీ హాల్, ఆర్థర్ అల్లిన్ చక్కిలిగింతను రెండు రకాలుగా విభజించారు. ఈక, చీమ, వెంట్రుక వంటివి చర్మంపై తేలికగా పాకినపుడు కలిగే జిల నిస్మెసిస్. దీనికి నవ్వు రాదు. ఎవరికి వారు కూడా దీనిని కలిగించుకోవచ్చు. చంకలోనో పక్కటెముకలపైనో వేళ్ళతో గట్టిగా పొడిచినపుడు నవ్వు పుట్టించేది గార్గలెసిస్. ఇది మరొకరి చేతనే కలుగుతుంది. తెలుగులో ఈ రెంటికీ విడివిడి పేర్లు స్థిరపడలేదు కానీ, చిన్నపిల్లల అరచేతిలో పప్పు, అన్నం వడ్డిస్తున్నట్లు నటిస్తూ, అత్తవారింటికి దారి చూపుతూ వేళ్ళను చేతిమీదుగా నడిపించి చివరకు చంకలో కితకితలు పెట్టే ఆటలో రెండూ వరుసగా వస్తాయి. వేళ్ళ నడక మొదటిది, చంక రెండవది.

నవ్వు ఎందుకు వస్తుంది

తనకు తాను చక్కిలిగింత పెట్టుకోలేకపోవడం ప్రాచీన గ్రీకు కాలం నుండి పండితులను ఆలోచింపజేసిన విషయం. 1998లో లండన్ నగరంలో సారా జేన్ బ్లేక్‌మోర్, డేనియల్ వోల్పర్ట్, క్రిస్ ఫ్రిత్ జరిపిన మెదడు చిత్రణ పరిశోధన దీనికి సమాధానం చూపింది. మన చేయి కదిలినపుడు ఆ కదలిక వలన కలుగబోయే స్పర్శను చిన్నమెదడు ముందుగానే ఊహించి, ఆ అనుభూతిని తగ్గిస్తుంది. ఇతరుల చేయి ఎప్పుడు ఎక్కడ పడుతుందో ఊహకు అందదు కనుక స్పర్శ పూర్తి బలంతో తెలుస్తుంది. కట్టివేయబడిన వ్యక్తికి చక్కిలిగింత అధికంగా తోచడానికి ఇదొక కారణం కావచ్చు. ఊహకు అందనితనానికి తప్పించుకోలేనితనం తోడవుతుంది.

ఈ నవ్వు సంతోషానికి గుర్తు కానవసరం లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డియాగోకు చెందిన క్రిస్టీన్ హారిస్, నికొలస్ క్రిస్టెన్‌ఫెల్డ్ 1999లో ప్రచురించిన ప్రయోగంలో, తమ అరికాలికి చక్కిలిగింత పెడుతున్నది యంత్రమని నమ్మినవారు కూడా మనిషి అని నమ్మినవారితో సమానంగా నవ్వారు. అనగా ఈ నవ్వు చాలావరకు అసంకల్పిత చర్య వంటిది. హాస్యాన్ని మెచ్చుకొని నవ్వే నవ్వు కాదు.

అయితే మనఃస్థితికి పాత్ర లేదని కూడా చెప్పలేము. అపరిచితుడు చక్కిలిగింత పెడితే పసిబిడ్డ నవ్వదని, భయంతో ఏడుస్తుందని డార్విన్ 1872లోనే గమనించాడు. 2016లో బెర్లిన్ హంబోల్ట్ విశ్వవిద్యాలయంలో షింపే ఇషియామా, మైకేల్ బ్రెఖ్ట్ ఎలుకలకు చక్కిలిగింత పెట్టి పరిశీలించగా, అవి మనిషి చెవికి అందని కీచుధ్వనులు చేస్తూ చేతి వెంట పరుగెత్తాయి. వాటినే ఎత్తైన పీటపై, తీవ్రమైన వెలుగులో నిలిపినపుడు ఆ ధ్వనులు, మెదడులోని సంబంధిత నాడీకణాల స్పందన కూడా తగ్గిపోయాయి. భద్రంగా ఉన్నామనే నమ్మకం లేనిదే ఇది ఆట కాజాలదని ఎలుకల విషయంలోనూ తేలినది.

కామసూత్రాలలో

వాత్స్యాయనుని కామసూత్రాలలో నఖక్షతముల ప్రకరణంలో ఆచ్ఛురితకం అనే క్రియ ఉన్నది. గోళ్ళను దగ్గరగా చేర్చి, గుర్తు పడనంత తేలికగా చర్మాన్ని తాకుతూ రోమాంచం కలిగించడమే ఇది. పైన చెప్పిన నిస్మెసిస్‌కు ఇంతకంటె చక్కని వర్ణన ఆధునిక గ్రంథాలలో కూడా అరుదు.

అదే గ్రంథంలో కొట్టడం గురించిన ప్రకరణం తెలుగువారికి మరింత ఆసక్తికరం. కొన్ని తీవ్రమైన దెబ్బలు దాక్షిణాత్యుల ఆచారమని చెప్పి, వాత్స్యాయనుడు వాటిని నిరసించాడు. కుంతల దేశపు శాతకర్ణి శాతవాహనుడు కర్తరి అనే దెబ్బతో మహాదేవి మలయవతి ప్రాణం తీశాడని ఉదాహరణ కూడా ఇచ్చాడు. ఇది చారిత్రకంగా ఎంతవరకు నిజమన్నది వేరే మాట. క్రీడలో ఉన్న రాజుకు చేయి ఎక్కడ ఆపాలో తెలియలేదన్నది అక్కడి అసలు విషయం.

హింసగా

కట్టివేసి చక్కిలిగింత పెట్టడం హింసాపద్ధతిగా కూడా వాడబడినది. గ్రిమ్మెల్స్‌హౌజెన్ 1668లో రాసిన జర్మన్ నవల సింప్లిసిసిమస్‌లో, దోపిడీ సైనికులు ఒక రైతును కట్టి, అతని అరికాళ్ళకు ఉప్పు రాసి మేకచేత నాకిస్తారు. రైతు నవ్వుతూనే తన సొత్తంతా ఎక్కడుందో చెప్పివేస్తాడు. నాజీల ఫ్లోసెన్‌బుర్గ్ శిబిరంలో ఒక ఖైదీని ఇలాగే హింసించడం చూశానని, అక్కడ బందీగా ఉండిన ఒక ఆస్ట్రియా దేశస్థుని అనుభవాల ఆధారంగా 1972లో వెలువడిన పుస్తకంలో ఉన్నది. చేసిన పని ఒక్కటే అయినా, అంగీకారం ఉన్నచోట క్రీడ, లేనిచోట హింస.

అంగీకారం, జాగ్రత్తలు

మిగిలిన క్రీడలలో లేని చిక్కు ఇందులో ఒకటున్నది. బాధ కలిగినవాడు అరుస్తాడు. చక్కిలిగింతలో చిక్కినవాడు నవ్వుతాడు. చూసేవారికి, చేసేవారికి అది ఇష్టంలాగే కనిపిస్తుంది. పైగా నవ్వులో ఊపిరి అందక "ఆపు" అనే మాట కూడా బయటికి రాకపోవచ్చు. అందుచేత ఈ క్రీడలో ఉన్నవారు మాటతో పాటు మాట అవసరం లేని సంకేతాన్ని కూడా ముందే నిర్ణయించుకొంటారు. చేతిలో పట్టుకొన్న తాళాల గుత్తిని జారవిడవడం, రెండుసార్లు నేలను తట్టడం వంటివి. సంకేతం అందిన వెంటనే ఆపవలెను. "ఇంకొక్కసారి" అనేది ఉండరాదు.

ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ ఉన్నవారికి దీర్ఘకాలపు నవ్వు ప్రమాదకరం కావచ్చు. బోర్లా పడుకోబెట్టి చేతులు వెనుకకు కట్టడం, మెడచుట్టూ తాడు వేయడం ఊపిరికి అడ్డుపడతాయి. మెడ విషయంలో సురక్షితమైన పద్ధతి అంటూ ఏదీ లేదు. మణికట్టు, మోచేతి పైభాగం వద్ద బిగువు కట్లు నరాలను నొక్కి చేతిని రోజుల తరబడి మొద్దుబారేలా చేయగలవు. వేళ్ళు చల్లబడినా, తిమ్మిరెక్కినా కట్లు విప్పవలెను. లాగేకొద్దీ బిగిసే ముడి వేయరాదు. తాడు కోయగల కత్తెర అందుబాటులో ఉండవలెను. కట్టివేసిన మనిషిని ఒక్క నిమిషమైనా ఒంటరిగా వదలరాదు. మద్యం తాగి ఉన్నవారి అంగీకారాన్ని అంగీకారంగా లెక్కించరాదు.

ఇది వ్యాధియా

2013లో వెలువడిన అమెరికా మనోవైద్య సంఘం డీఎస్‌ఎమ్-5, అసాధారణమైన లైంగిక ఆకర్షణను, దానివలన కలిగే రుగ్మతను వేరుచేసింది. తనకు వేదన గానీ ఇతరులకు హాని గానీ లేనపుడు ఆకర్షణ మాత్రమే రుగ్మత కాదు. 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11లో ఫెటిషిజం అనే పాత రోగనామాన్ని తొలగించారు.

చిన్న పట్టణాలలో దీనిగురించి అడిగే చోటు తక్కువ. సిగ్గు వలన, గుట్టు బయటపడుతుందన్న భయం వలన చాలామంది వైద్యుని వద్దకు పోరు. ఆళ్ళగడ్డ వంటి ఊరిలో అందరికీ అందరూ తెలిసినవారే. అక్కడికి సుమారు 40 కి.మీ. దూరంలోని నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సేవ (14416) ద్వారా ఇంటినుండే తెలుగులో మాట్లాడవచ్చు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచడం వైద్యుల బాధ్యత.

చట్టం

వయోజనులు ఇష్టపూర్వకంగా, ఏకాంతంగా చేసుకొనే ఇటువంటి క్రీడను పేరుపెట్టి నిషేధించిన చట్టం భారతదేశంలో లేదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీం కోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పింది. 2018 సెప్టెంబరు 6న నవతేజ్ సింగ్ జోహార్ కేసులో, వయోజనుల మధ్య ఏకాంతంలో జరిగే సమ్మతి లైంగిక సంబంధాలను 377వ సెక్షను పరిధినుండి తప్పించింది.

అంగీకారానికి హద్దులున్నవి. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 25వ సెక్షను 18 ఏళ్ళు నిండినవారి అంగీకారాన్ని గుర్తించినా, ప్రాణహాని, తీవ్రగాయం ఉద్దేశించిన పనులకు అది వర్తించదు. భయపెట్టి లేదా మోసగించి పొందిన అంగీకారం 28వ సెక్షను ప్రకారం అంగీకారమే కాదు. ఇష్టం లేకుండా కట్టి ఉంచడం అక్రమ నిర్బంధం (126, 127 సెక్షన్లు) కిందికి రాగలదు. 18 ఏళ్ళ లోపువారితో లైంగిక ఉద్దేశంతో చేసిన స్పర్శ పోక్సో చట్టం, 2012 కింద నేరం. అక్కడ అంగీకారం అనే ప్రశ్నే లేదు.

విద్యార్థులు ప్రత్యేకంగా తెలుసుకోవలసినది ఒకటున్నది. వసతిగృహంలో జూనియరును మంచానికి కట్టి "సరదాకు" కితకితలు పెట్టడం పైన చెప్పిన క్రీడ కాదు, ర్యాగింగు. ఆంధ్ర ప్రదేశ్ ర్యాగింగు నిషేధ చట్టం, 1997 ప్రకారం ర్యాగింగులో అక్రమంగా నిర్బంధించినవారికి రెండేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు.

చిత్రీకరణ

2016లో న్యూజీలాండ్‌కు చెందిన డేవిడ్ ఫారియర్, డైలన్ రీవ్ తీసిన "టికిల్డ్" అనే డాక్యుమెంటరీ చిత్రం, చక్కిలిగింత వీడియోలలో డబ్బుకోసం పాల్గొన్న యువకులు తరువాత ఎదుర్కొన్న బెదిరింపులను బయటపెట్టింది. కట్టివేయడానికి ఒప్పుకోవడం, చిత్రీకరణకు ఒప్పుకోవడం, ఆ చిత్రాన్ని ఇతరులకు పంపడానికి ఒప్పుకోవడం మూడూ వేర్వేరు. అనుమతి లేకుండా ఒకరి రహస్యాంగాల చిత్రాలను తీసినా, పంపినా సమాచార సాంకేతిక చట్టంలోని 66ఇ సెక్షను కింద మూడేళ్ళ వరకు జైలు లేదా రెండు లక్షల రూపాయలకు మించని జరిమానా లేదా రెండూ విధించవచ్చు. ఈ సెక్షను స్త్రీ పురుషులిద్దరికీ వర్తిస్తుంది.