ఒక వస్తువు - రెండు పేర్లు



మా శ్రీముఖలింగమునందలి స్వామిని ముఖలింగేశ్వరుఁడని కొందఱును, మధుకేశ్వరుఁడని కొందఱును కొలుతురు. పేర్లు రెండైనవని యెవరును రెండవ గుడి కట్టలేదు. కంప్యూటరులోమాత్రము అట్టి పని తఱచు జరుగుచుండును. ఒకే వ్రాఁతకు రెండు పేర్లు కావలసినపుడు వ్రాఁతనే రెండుమాఱులు పెట్టుదురు. దీనిని తప్పించు నుపాయమును నేఁడు విన్నవించెదను.

లైనక్స్ నడుపు కంప్యూటర్లకు దేశదేశముల వేళలను తెలుపు పట్టికలన్నియు ఒక మూటగా వచ్చును. ఆ మూటను ప్యాకేజీ యందురు. అందు మన దేశపు పట్టికకు మొదట కలకత్తా పేరు పెట్టిరి. 2001లో ఆ నగరము కోల్‌కతా యయ్యెను. తరువాత పట్టికకును క్రొత్త పేరు వచ్చెను. పాత పేరుతోనే పిలుచు ప్రోగ్రాములు ఎన్నియో కలవు. ఆ పేరు తీసివేసినచో వానికి వేళ తెలియదు. కావున రెండు పేర్లును నిలిపిరి.

ఆ పట్టికలో మన చరిత్రయు కొంత యున్నది. 1906 జనవరి 1 నుండి మన గడియారము గ్రీనిచ్‌కంటె 5 గంటల 30 నిమిషములు ముందు. యుద్ధకాలమున 1941లో నొకమాఱు, 1942లో నొకమాఱు దానిని మఱియొక గంట ముందునకు జరిపిరి; 1945 అక్టోబరులో ఆ యేర్పాటు ముగిసెను. (మా యూర సూర్యుఁడు ఈ గడియారముకంటె సగటున ఆఱు నిమిషములు ముందే నడినెత్తికి వచ్చును. పట్టికకు ఆ సంగతి పట్టదు.)

ఇఁక నుపాయము. డిస్కుమీఁద ప్రతి ఫైలునకును ఇనోడు అను సంఖ్య యుండును. అది భూమికి సర్వే నంబరు వంటిది. పేరు ఆ సంఖ్యను చూపునదియే కాని వస్తువు కాదు. ఉన్న సంఖ్యకే మఱియొక పేరు తగిలించుట హార్డ్ లింకు. కాలపట్టికలను సిద్ధపఱచు జిక్ అను సాధనము, వేఱుగా చెప్పనిచో, ఇట్లే చేయును. టార్ అను పద్ధతిని మూట కట్టునపుడును రెండవ పేరు వచ్చినచోట విషయము మరల చేరదు. “ఇది మొదటిదే” యను గుర్తు మాత్రము చేరును. ఇట్లు డిస్కులో చోటును, మూట బరువును తగ్గును. ఒక పేరు చెఱిపినను వస్తువు పోదు. కడపటి పేరు పోవువఱకు నిలుచును. అయితే ఒక గ్రామపు సర్వే నంబరు పొరుగు గ్రామమున చెల్లనట్లు, ఈ లింకు వేఱొక డిస్కునకు సాగదు.

ఇందు నేను పడిన గోతిని దాఁచను. మా తాతగారి తాటాకులనుండి యెత్తివ్రాసిన గ్రంథమునకు హార్డ్ లింకు చేసి, “భద్రము” అని పేరిడి, నకలున్నదిగదా యని నిశ్చింతగా నుంటిని. ఒకనాఁడు దిద్దుచు నలువది పుటలు పొరపాటున చెఱిపివేసితిని. నా వ్రాఁతసాధనము ఉన్న ఫైలులోనే తిరుగవ్రాయునది. “భద్రము” తెఱచి చూతునుగదా, అందును ఆ పుటలు లేవు! మరల తాటాకులు విప్పి మూఁడు నెలలు కూర్చుంటిని. రెండాకులను అప్పటికే పురుగు తినివేసెను.

కాలపట్టికలవలె మనము చేయి పెట్టని ఫైళ్లకు లింకు చాలును. దిద్దుచుండు వ్రాఁతకు నిజమైన నకలే తీయవలయును, అదియు వేఱొక డిస్కుమీఁద. నా గ్రంథపు రెండవ ప్రతి యిపుడు విశాఖపట్టణమున మా పెద్దకుమార్తె యింట నున్నది.