అమెరికా స్కూల్లో ఫుడ్ అలర్జీ పిల్లలు: టీచర్ మాట సరిపోదు, '504 ప్లాన్' అడగండి

బగారా బైగన్, మిర్చీ కా సాలన్ లేకుండా మన ఇళ్లలో దావత్ ఉండదు. రెండింట్లోనూ పల్లీలు, నువ్వులు పడాల్సిందే. టెక్సాస్‌లో ఉంటున్న మా ఖాలా కూతురి ఇంట్లో మాత్రం ఇప్పుడు పల్లీ గింజ కనపడదు. వాళ్ల ఆరేళ్ల బాబుకు పల్లీలు, కాజూ పడవు. కొంచెం నోట్లోకి వెళ్లినా పెదాలు వాచి, గొంతు బిగుసుకుపోతుంది.

బాబు స్కూల్లో చేరినప్పుడు టీచర్ "మీరేం టెన్షన్ పడకండి, నేను చూసుకుంటా" అన్నారు. చూసుకున్నారు కూడా. కొన్ని నెలల తర్వాత ఆమె సెలవుపై వెళ్లారు. బదులుగా వచ్చిన టీచర్‌కు అలర్జీ సంగతి ఎవరూ చెప్పలేదు. ఎవరిదో బర్త్‌డే అని క్లాసులో కుకీలు పంచారు. "ఇందులో నట్స్ ఉన్నాయా?" అని బాబే అడిగాడు కాబట్టి గండం గడిచింది. ఆ రాత్రి మా ఆపా ఫోన్‌లో ఏడుస్తూ చెప్పిన మాట ఇదే: "వాడు అడగకపోయి ఉంటే?"

అమెరికాలో ఇలాంటి పిల్లల కోసం చట్టంలోనే దారి ఉంది. 1973 నాటి రిహాబిలిటేషన్ యాక్ట్‌లోని సెక్షన్ 504 ప్రకారం ఫెడరల్ నిధులు తీసుకునే ఏ స్కూలూ డిజేబిలిటీ ఉన్న విద్యార్థి పట్ల వివక్ష చూపకూడదు. ఆ పిల్లాడు మిగతా వాళ్లతో సమానంగా చదువుకోవడానికి కావాల్సిన ఏర్పాట్లు ఉచితంగా చేయాలి. ఆ ఏర్పాట్లు రాసుకున్న కాగితాన్నే '504 ప్లాన్' అంటారు. గవర్నమెంట్ స్కూళ్లన్నిటికీ ఇది వర్తిస్తుంది. పిల్లలు హెచ్-4 వీసా మీద ఉన్నా అంతే.

ఇక్కడే మనవాళ్లు ఆగిపోతారు. "డిజేబిలిటీ ఏంటి, మా బాబు మాజూరా?" అని మా ఖాలా హైదరాబాద్ నుంచే గొడవ చేసింది. ఆమె తప్పు లేదు. మన దేశంలో 2016 చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఫుడ్ అలర్జీ లేదు, కాబట్టి ఆ కోణంలో ఆలోచించే అలవాటే మనకు లేదు. అమెరికా చట్టంలో ఆ మాటకు అర్థం వేరు. ఊపిరి తీసుకోవడం, తినడం లాంటి ముఖ్యమైన పనులను గణనీయంగా అడ్డుకునే ఏ ఆరోగ్య సమస్య అయినా అందులోకి రావచ్చు. 2008లో చేసిన సవరణ ఇంకో అడుగు ముందుకు వేసింది. సమస్య అప్పుడప్పుడే వచ్చేదైనా సరే, వచ్చినప్పుడు ఎంత తీవ్రంగా ఉంటుందో దాన్నే చూడాలంది. మందుతో తగ్గుతుంది కదా అని తీసిపారేయడానికి వీల్లేదు.

అందుకే స్కూలు "మీవాడికి మార్కులు బాగానే వస్తున్నాయి", "ఇక్కడ ఎప్పుడూ రియాక్షన్ రాలేదు" అంటే అది కాదనడానికి కారణం కాదు. "నర్సు దగ్గర హెల్త్ ప్లాన్ ఉంది, చాలు" అనే మాట ఎక్కువగా వినిపిస్తుంది. హెల్త్ ప్లాన్ మంచిదే, ఉండాలి. కానీ అది ఉందని చెప్పి 504 పరిశీలన ఎగ్గొట్టకూడదు. హెల్త్ ప్లాన్ ఒక్కటే ఉంటే నోటీసు, ఫైలు చూసే హక్కు, అప్పీలు చేసుకునే హక్కు మీకు దక్కకపోవచ్చు.

అడగడం ఎలా? ప్రిన్సిపాల్‌కు, డిస్ట్రిక్ట్ 504 కోఆర్డినేటర్‌కు తేదీ వేసి ఈమెయిల్ పెట్టండి. "సెక్షన్ 504 కింద మా అబ్బాయిని ఎవాల్యుయేట్ చేయండి" అని రాస్తే చాలు. దాంతోపాటు అలర్జీ డాక్టర్ లెటర్ పెట్టండి. 'పీనట్ అలర్జీ' అని ఒక్క ముక్క రాసిస్తే బలం ఉండదు. దేనికి రియాక్షన్ వస్తుంది, వస్తే శ్వాసకు ఏమవుతుంది, ఏ మందు ఎప్పుడు ఇవ్వాలి అన్నవి ఉండాలి. ఇంకా మెడికల్ పరీక్ష కావాలని స్కూలే అనుకుంటే ఖర్చు స్కూలుదే. ఇంగ్లిష్ ఇబ్బందైతే మీటింగ్‌కు ఉర్దూ లేదా తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను ఉచితంగా అడగొచ్చు, అది 1964 సివిల్ రైట్స్ యాక్ట్ నుంచి వచ్చిన హక్కు.

ప్లాన్ రాతలోనే ఉండాలని ఫెడరల్ రూల్స్ అక్షరాలా చెప్పలేదు. చాలా స్కూళ్లు రాసిస్తాయి, మీరు మాత్రం రాసిచ్చే దాకా వదలొద్దు. నేను బీకాం చదివినవాణ్ని, ఓచర్ లేని ఖర్చు పుస్తకంలోకి ఎక్కదని తెలుసు. టీచర్ మంచితనం కూడా అంతే, ఆమె సెలవు పెడితే దానికి రికార్డు ఉండదు.

ప్లాన్‌లో ఏం రాయించాలన్నదే అసలు పని. ఎపినెఫ్రిన్ పెన్ తాళం వేసిన గదిలో కాకుండా వెంటనే దొరికే చోట ఉండాలి, రెండు డోసులు ఉండాలి. తొడకు ఇంజెక్షన్ ఇచ్చి వెంటనే 911కి ఫోన్ చేయాలి. నర్సు లేనప్పుడు ఎవరిస్తారో హోదాతో సహా రాయాలి. బదులుగా వచ్చే టీచర్, బస్ డ్రైవర్, క్యాంటీన్ స్టాఫ్ అందరికీ సమాచారం వెళ్లాలి. ఫీల్డ్ ట్రిప్‌లో పెన్ ఎవరి చేతిలో ఉంటుంది? ఈ ప్రశ్న చాలామంది మర్చిపోతారు. తల్లిదండ్రులు వెంట వస్తేనే పిల్లాణ్ని తీసుకెళ్తామని షరతు పెట్టకూడదు. తిన్న తర్వాత పిల్లలు సబ్బుతో చేతులు కడగాలి, శానిటైజర్‌తో పల్లీ ప్రొటీన్ పోదు. లంచ్‌లో వేరే టేబుల్ పెడితే ఒక్కణ్నే కూర్చోబెట్టొద్దని, ఫ్రెండ్స్‌తో కూర్చోనివ్వాలని రాయించండి. స్కూలు భోజనం తినేవాళ్లకు డాక్టర్ స్టేట్‌మెంట్ ఇస్తే అదనపు డబ్బు తీసుకోకుండా వంటకం మార్చి ఇవ్వాలి.

మన పిల్లల్లో కొందరు వెళ్లే ఇస్లామిక్ స్కూళ్ల సంగతి వేరు. అమెరికన్స్ విత్ డిజేబిలిటీస్ యాక్ట్ ప్రైవేట్ స్కూళ్లకు వర్తించినా, మత సంస్థలు నడిపేవాటికి మినహాయింపు ఉంది. ఫెడరల్ నిధులు తీసుకునే స్కూలైతే 504 వర్తిస్తుంది, కాబట్టి అడ్మిషన్‌కు ముందే ఆ ప్రశ్న అడగండి. మస్జిద్ సండే స్కూల్, ఇఫ్తార్ దస్తర్ఖాన్ దగ్గర చట్టం పెద్దగా పనికిరాదు. అక్కడ కూడా అదే ప్లాన్ కాపీ చేతిలో పెట్టి మాట్లాడాలి, హలీంలో కాజూ ఉందా అని వడ్డించే వాళ్లనే అడగాలి.

స్కూలు కాదంటే కారణం రాతపూర్వకంగా అడగండి. డిస్ట్రిక్ట్‌లో ఫిర్యాదు చేయొచ్చు, నిష్పాక్షిక విచారణ కోరొచ్చు. ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ సివిల్ రైట్స్ ఆఫీసుకు వెళ్లాలంటే ఘటన జరిగిన 180 రోజుల్లోపు వెళ్లాలి. అయితే 2025 మార్చిలో ఆ ఆఫీసు 12 ప్రాంతీయ కేంద్రాల్లో డల్లాస్, చికాగో సహా 7 మూసేస్తున్నట్టు ప్రకటన వచ్చింది. కాబట్టి డిస్ట్రిక్ట్ స్థాయిలోనే తేల్చుకోవడానికి గట్టిగా ప్రయత్నించడం మేలని నా అభిప్రాయం.

మా ఆపా మూడు ఈమెయిళ్ల తర్వాత మీటింగ్ సాధించింది. ఇప్పుడు ఒక పెన్ క్లాసులో, ఇంకోటి నర్సు దగ్గర ఉంది. బర్త్‌డే కుకీల బదులు స్టిక్కర్లు పంచుతున్నారు. ఆగస్టులో స్కూళ్లు తెరిచే ముందే కొత్త క్లాస్ టీచర్‌కు ప్లాన్ కాపీ ఇచ్చి, చదివినట్టు ఈమెయిల్‌లో జవాబు తీసుకుంటానంటోంది.