కదలికే ఆధారంగా: సామీ పశుపాలకులు – మారుతున్న శీతకాలం

నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ దేశాల ఉత్తర భాగాలలోనూ, రష్యాలోని కోలా ద్వీపకల్పంలోనూ నివసించే సామీ జాతివారిలో రెయిన్‌డీర్ల పెంపకం వృత్తిగా గలవారు కొద్దిమందే. అయినా ఆ జాతి భాషకూ, ఆచారాలకూ, భూమిపై హక్కుల వాదనకూ ఆ వృత్తి ముఖ్యమైన ఆధారంగా నిలిచింది.

శీతకాలంలో రెయిన్‌డీర్ల ప్రధానాహారం నేలనంటి పెరిగే లైకెన్. మంచు మెత్తగా ఉంటే అవి వాసన పట్టి, గిట్టలతో తవ్వి తింటాయి. కనుక పశుపాలకుడు మేత ఉన్న నేలనే కాక, మేత అందే నేలను వెతకాలి. ఈ అందుబాటును ఉత్తర సామీ భాషలో ‘గువొహ్తున్’ అంటారు. నడి శీతకాలంలో వాన కురిసి, ఆ నీరు నేలపై గడ్డకడితే ఏర్పడే పలక ‘చువొహ్కి’. అప్పుడు కాళ్ళకిందే మేత ఉన్నా మంద ఆకలితో మాడుతుంది. ఆర్కిటిక్ ప్రాంతం భూగోళపు సగటు కన్నా వేగంగా వేడెక్కుతున్నందున ఈ బెడద పెరుగుతోంది.

ఇది పూర్తిగా కొత్త ఆపద కాదు. చెడ్డ ఏడులు మునుపూ వచ్చాయి. అప్పటి ప్రధానోపాయం మందను వేరొక లోయకో, పాత అడవిలోకో తోలుకుపోవడం. ముదురు చెట్ల కొమ్మలకు వేలాడే లైకెన్ ఆపత్కాలంలో అక్కరకు వచ్చేది.

అలా కదలడానికి చోటే ఇప్పుడు కరువైంది. 1852లో నార్వే–ఫిన్లాండ్ సరిహద్దు మూతపడి వలసదారులు తెగిపోయాయి. తరువాత జలాశయాలు, గనులు, రహదారులు, అడవుల నరికివేత వచ్చాయి. వాతావరణాన్ని కాపాడేందుకంటూ తలపెట్టిన పవన విద్యుత్కేంద్రాలు సైతం మేతభూములకే ఎసరు పెట్టడం విచిత్రం. నార్వేలోని ఫోసెన్‌లో అటువంటి కేంద్రాలకు ఇచ్చిన అనుమతులు ఐక్యరాజ్యసమితి పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలోని 27వ అధికరణానికి విరుద్ధమని, అవి చెల్లవని 2021 అక్టోబరులో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. గాలిమరలు మాత్రం ఆగలేదు. 2023, 2024లలో పశుపాలకులతో కుదిరిన ఒప్పందాల మీద అవి కొనసాగుతున్నాయి.

కదలలేనప్పుడు మిగిలేది గడ్డి, గుళికల దాణా కొని పెట్టడం. దీనిని విజయవంతమైన సర్దుబాటుగా లెక్కించేవారున్నారు. ఆ లెక్క తొందరపాటే. దాణా ఖర్చు భారమైనది. ఒకేచోట గుమిగూడిన మందలో కంటి జబ్బులు త్వరగా పాకుతాయి. మంచు స్వభావాన్ని చదివి దారి తీసే నేర్పు కొట్టాల దగ్గర అబ్బదు. అందుకే సామీ సంఘాలు దాణా సహాయంతో పాటు పాత అడవులనూ, వలసదారులనూ నిలపాలని పట్టుబడుతున్నాయి.