ఎగిరిపడే ట్రక్కును కాపాడే దిమ్మ

ఆగి ఉన్న లారీ పక్కన నిలబడి వెనుక చక్రం లోపలివైపు చూడండి. ఇరుసు, దానికి కట్టిన కమాను కట్టలు, వాటి పైన చట్రం కనిపిస్తాయి. ఇరుసుకు ఎదురుగా చట్రానికి బిగించిన నల్లటి రబ్బరు దిమ్మ కూడా ఉంటుంది. దాని పేరు బంప్‌స్టాప్. మంచి రోడ్డు మీద అది ఖాళీగానే ఉన్నట్లుంటుంది. మరి ఎందుకు పెట్టారు?

చక్రం పెద్ద గోతిలో పడినప్పుడు కమాను కట్టలు వంగుతాయి. ఆ వంపుకు ఒక హద్దు ఉన్నది. అది దాటితే ఇరుసు చట్రాన్ని గుద్దుతుంది. చట్రం బీట వేయవచ్చు. లోపలివారి వెన్నెముకకు దెబ్బ తగలవచ్చు. ఆ రెండింటి నడుమ అడ్డుపడేదే దిమ్మ.

రోడ్డుకు చిన్న దిమ్మ చాలు. రాళ్ళలో, ఇసుక దిబ్బలలో తిరిగే ట్రక్కుల సంగతి వేరు. మెక్సికోలో 1967లో మొదలైన 'బాహా 1000' ఎడారి పందెంలో ట్రక్కులు గాలిలోకి లేచి నేల మీద పడుతుంటాయి.

ఒక లెక్క చేద్దాం. ఒక చక్రం మోసే ద్రవ్యరాశి 500 కిలోలు, పడిన ఎత్తు అర మీటరు అనుకోండి. శక్తి 500 × 9.8 × 0.5 = 2,450 జౌళ్ళు. కమాను కట్టలు, షాక్ అబ్జార్బర్లు చాలా భాగం తీసుకోగా 500 జౌళ్ళు దిమ్మకు మిగిలాయనుకుందాం. పని అంటే బలం × దూరం కదా! గట్టి దిమ్మ 1 సెం.మీ. మాత్రమే నలిగితే సగటు బలం 50,000 న్యూటన్లు. సుమారు ఐదు టన్నుల బరువు. మెత్తనిది 5 సెం.మీ. నలిగితే 10,000 న్యూటన్లే. గోడ మీద నుంచి దూకేటప్పుడు మీరు మోకాళ్ళు వంచేది ఇందుకే.

అందుకే గట్టి రబ్బరుకు బదులు పాలీయురిథేన్ నురగ దిమ్మను అమరుస్తారు. దాని నిండా సన్నని గాలి గదులుంటాయి. మొదట మెత్తగా లొంగి, నలిగేకొద్దీ గట్టిపడుతుంది.

అయితే రబ్బరు బంతిలాగా ఇలాంటి దిమ్మ కూడా తీసుకున్న శక్తిలో కొంత తిరిగి ఇస్తుంది. ట్రక్కు మళ్ళీ ఎగురుతుంది. పందెపు ట్రక్కులలో దీనికి విరుగుడుగా నూనె, అధిక పీడనంలో నైట్రోజన్ నింపిన చిన్న సిలిండరును వాడతారు. దెబ్బకు పిస్టన్ లోపలికి పోతుంది. నూనె సన్నని రంధ్రాల గుండా దూరి వేడెక్కుతుంది. శక్తిలో పెద్ద భాగం వేడిగా మారిపోతుంది. తర్వాత వాయువు పిస్టన్‌ను మెల్లగా బయటికి నెడుతుంది.

ఎత్తైన దిమ్మ అన్నివేళలా మేలు కాదు. అది మరీ ఎత్తైతే చక్రం పైకి కదిలే చోటు తగ్గి, చిన్న గోతికి కూడా దిమ్మ తగులుతుంది. మరీ పొట్టిదైతే షాక్ అబ్జార్బరు ముందే పూర్తిగా మూసుకుపోయి చెడుతుంది. పెద్ద టైరు మడ్‌గార్డును రాసుకుంటుంది. కాబట్టి కొలిచి ఎంచుకోవాలి.

ఇప్పుడు మీరు చెప్పండి: అదే 500 జౌళ్ళకు దిమ్మ 10 సెం.మీ. నలిగితే సగటు బలం ఎంత?